సోబన్ టీ బల్ల కాదు

సంపాదకులకు,

కొరియా సంప్రదాయ గృహోపకరణాలు కొత్త రూపాల్లో వస్తున్న తీరుపై గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఉద్యోగరీత్యా ఏడేళ్లుగా సువొన్‌లో ఉంటున్న నాకు అందులోని వస్తువులు కొత్తవి కావు. అయితే ‘సోబన్’ను టీ బల్ల అనడంతో వ్యాసం దారి తప్పింది.

సోబన్ ఒక మనిషి భోజనానికి సరిపడే బల్ల. జోసన్ రాజుల కాలపు ఇళ్లలో వంటిల్లు గదుల కంటే పల్లంలో ఉండేది. అక్కడి పొయ్యి వేడే గదుల నేల కిందుగా సాగి ఇంటిని వెచ్చబరిచేది. అన్నం, పులుసు, కూరలు సర్దిన బల్లను రెండు చేతులా ఎత్తుకుని గడప దాటించాలి కనుక, దాన్ని తేలికగా, జానెడు కంటే కాస్త ఎత్తుగా చేసేవారు. అందుకు తేలికైన గింకో కలపను మేలైనదిగా ఎంచేవారు. బల్ల కోడు పాదం బయటికి తిరిగితే దాన్ని పులికాలు అంటారు, లోపలికి వంగితే కుక్కకాలు అంటారు. నిరుడు తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ మా ఇంటి సోబన్‌ను పీట అనుకుని కూర్చోబోతే, చెయ్యి పట్టి ఆపాల్సి వచ్చింది.

నేల వేడి నేటికీ పోలేదు. నేల కింద పొయ్యి వేడి సాగే దారుల స్థానంలో వేడినీటి పైపులు వచ్చాయి, అంతే. ఇరవయ్యో అంతస్తులో ఖరీదైన సోఫా కొని, నేల మీద కూర్చుని దానికి వీపు ఆనించేవారిని ఇక్కడ చాలామందినే చూశాను. అందుచేత స్టీలుతోనో, పారదర్శకమైన ప్లాస్టిక్‌తోనో చేసినా, బరువూ ఎత్తూ చెడనివ్వని కొత్త సోబన్ నా దృష్టిలో అసలైనదే.

‘బందాజి’ పేరుతో అమ్ముతున్న టీవీ స్టాండ్ల సంగతి వేరు. బందాజి అంటే ముందువైపు పలకలో పై సగం మాత్రమే కిందికి తెరుచుకునే పెట్టె; పైన మడిచి పేర్చిన పరుపులు, బొంతలు కదపకుండానే లోపలి బట్టలు తీసుకోవచ్చు. ఆ సదుపాయం తీసేసి, చెక్కపొట్టు పలకకు సీతాకోకచిలుక ఆకారపు ఇత్తడి బిళ్లలు అతికిస్తే మిగిలేది వేషమే.

చివరగా ఒక సవరణ: మీరు ‘బందాజి’ అని రాసిన నాలుగో ఫొటోలోనిది రెండు తలుపుల బీరువా. వీలైతే వచ్చే సంచికలో సరిదిద్దగలరు.

– ఒక పాఠకుడు, సువొన్, దక్షిణ కొరియా