పికప్ వేరు, పవర్ వేరు

సంపాదకుల వారికి,

పోటీపడే రెండు స్పోర్ట్స్ కార్లను ఒకే రోజు నడిపి చూసి, ఫలానా దాని ఇంజిన్‌కే పవర్ ఎక్కువని తేల్చేసే సమీక్షలు మన పత్రికల్లో తరచూ కనిపిస్తున్నాయి. వాటిలో చాలా తీర్పులు నిజానికి పవర్ గురించినవి కావు. యాక్సిలరేటర్ తొక్కగానే వీపుకు తగిలిన తోపు, అంటే పికప్ గురించినవి.

992 తరంలో 2021లో వచ్చిన పోర్షే 911 జీటీ3నీ, సీ8 తరం కొర్వెట్ స్టింగ్‌రేనీ తీసుకోండి. మొదటిది 8,400 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర 510 పీఎస్ ఇస్తుంది. రెండోది పెర్ఫార్మెన్స్ ఎగ్జాస్ట్ ఉంటే 6,450 దగ్గర 495 హెచ్‌పీ. తేడా 15 అని రాసేస్తారు. కానీ ఆ రెండూ ఒకే కొలత కావు. ఐరోపా వారి హార్స్‌పవర్ అయిన పీఎస్ అంటే 735.5 వాట్లు, అమెరికా వారి హెచ్‌పీ 745.7 వాట్లు. 495 హెచ్‌పీని మారిస్తే 502 పీఎస్ అవుతుంది. అసలు తేడా 8 పీఎస్ మాత్రమే. అన్నిటినీ కిలోవాట్లలో వేస్తే ఈ తికమకే ఉండదు.

అయినా నడిపి చూసినవారికి కొర్వెట్టే బలంగా అనిపించవచ్చు. దాని 6.2 లీటర్ల వీ8 5,150 ఆర్‌పీఎంకే 637 న్యూటన్ మీటర్ల టార్క్ (ఇరుసును తిప్పే బలం) అందుకుంటుంది. జీటీ3 నాలుగు లీటర్ల ఇంజిన్ గరిష్ఠ టార్క్ 470, అదీ 6,100 దగ్గర. టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 9,549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. ఆ లెక్కన కొర్వెట్ 5,150 దగ్గరే సుమారు 343 కిలోవాట్లు ఇస్తుంటే, జీటీ3 6,100కు చేరాక కూడా 300 దగ్గర ఉంటుంది. దాని 375 కిలోవాట్లు చూడాలంటే ముల్లును 8,400 దాకా తీసుకెళ్లాలి. మధ్యలోనే గేరు మార్చేసి "పవర్ తక్కువ" అనడం ఆ ఇంజిన్‌కు అన్యాయం చేయడమే. స్పీకర్లలోంచి ఇంజిన్ చప్పుడు పెంచి వినిపించే కార్లూ ఉన్నాయి కాబట్టి చెవిని కూడా నమ్మడానికి లేదు.

సున్నా నుంచి 100 కిలోమీటర్ల పరీక్ష కూడా పవర్‌ను చెప్పదు. అక్కడ గెలిపించేవి టైర్ల పట్టు, ఫోర్ వీల్ డ్రైవ్, చక్రాలు జారకుండా బండిని ఎగదోసే లాంచ్ కంట్రోల్. పవర్ కోసమైతే 100 నుంచి 200 వరకు పట్టే సమయం చూడాలి, అదీ మూసిన ట్రాక్ మీదే. స్పీడోమీటర్‌ను చూసి స్టాప్‌వాచ్ నొక్కకూడదు. ఐరోపా నిబంధనల ప్రకారం అది అసలు వేగం కంటే తక్కువ చూపకూడదు గానీ, పది శాతం మీద మరో 4 కిలోమీటర్ల దాకా ఎక్కువ చూపవచ్చు. సెకనుకు కనీసం పదిసార్లు నమోదు చేసే జీపీఎస్ లాగర్ కావాలి. పరుగు రెండు దిక్కులా తీసి సగటు కట్టాలి. కంటికి ఆనని ఒక శాతం వాలు కూడా 1,500 కిలోల కారుకు గంటకు 150 కిలోమీటర్ల వేగంలో ఆరు కిలోవాట్లు కలుపుతుంది, ఎదురెక్కితే అంతే లాగేస్తుంది. పైన చెప్పిన రెండు కార్ల మధ్య ఉన్న 8 పీఎస్ తేడా కూడా దాదాపు ఇంతే!

ఆ సమయం నుంచి పవర్‌ను రాబట్టవచ్చు. 1,500 కిలోల బండి 100 నుంచి 200కు ఏడు సెకన్లలో చేరితే, వేగం పెంచడానికే సగటున 248 కిలోవాట్లు ఖర్చయ్యాయన్నమాట. గాలిని చీల్చడానికి పోయేది వేరు. కారు ముందు వైశాల్యాన్ని డ్రాగ్ కోఎఫిషియంట్‌తో (ఆ ఆకారాన్ని గాలి ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) గుణిస్తే 0.7 చదరపు మీటర్లు వచ్చే కారుకు అది 100 దగ్గర 9 కిలోవాట్లు, 200 దగ్గర 72. ఇక్కడ పనికొచ్చేది బ్రోషర్ బరువు కాదు. ఒక కంపెనీ పెట్రోలు, ఆయిల్ లేకుండా చెబుతుంది, ఇంకొకటి డ్రైవర్‌నూ కలిపి చెబుతుంది. మనుషులు, ట్యాంకులోని పెట్రోలుతో సహా కాటా మీద తూచాల్సిందే.

ఎండ, ఎత్తు ప్రభావం కూడా రాయాలి. టర్బో (గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే పరికరం) లేని ఇంజిన్ ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ దాదాపు పదో వంతు పవర్ పోగొట్టుకుంటుంది. టర్బో ఆ నష్టాన్ని చాలావరకు పూడ్చుకుంటుంది గానీ, వరుసగా పరుగులు తీస్తే ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ వేడెక్కి మూడో పరుగు నెమ్మదిస్తుంది. ఆక్టేన్ (అకాలంగా మండకుండా తట్టుకునే గుణం) తక్కువున్న పెట్రోలు పోస్తే, ఆ అకాల మంటను పసిగట్టే నాక్ సెన్సర్ వల్ల స్పార్క్ ఆలస్యంగా పడి పవర్ తగ్గుతుంది. హైబ్రిడ్లయితే బ్యాటరీ ఎంత శాతం ఉందో చెప్పాలి. ఫెరారీ 296 జీటీబీ 830 సీవీలో (సీవీ అన్నా పీఎస్ అన్నా ఒకటే) ఇంజిన్‌ది 663, మిగిలిన 167 మోటార్‌ది. బ్యాటరీ అడుగంటితే ఆ 167ను లెక్కలోంచి తీసేయాల్సిందే.

డైనో (కారును రోలర్ల మీద నడిపి పవర్ కొలిచే యంత్రం) మీద పెట్టినా జాగ్రత్త అవసరమే. అది చక్రాల దగ్గరి పవర్. గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, టైర్లు తినేది పోగా మిగిలింది. దాన్ని బ్రోషర్ అంకెతో నేరుగా పోల్చకూడదు. వాతావరణ సవరణ అమెరికా ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ పాత పద్ధతిలో వేస్తే దాని ఇప్పటి ప్రమాణం జే1349 కంటే దాదాపు నాలుగు శాతం ఎక్కువ వస్తుంది. రెండు కార్లనూ ఒకే డైనో మీద, ఒకే రోజు, గేర్ నిష్పత్తి ఒకటికి దగ్గరగా ఉన్న (గేర్‌బాక్స్ దాదాపు ఇంజిన్ వేగంతోనే తిరిగే) గేరులో పెట్టి చూస్తేనే పోలిక నిలుస్తుంది. ఆ శ్రమ వృథా కాదు. 1999 ఫోర్డ్ మస్టాంగ్ ఎస్‌వీటీ కోబ్రాకు చెప్పిన 320 హెచ్‌పీ రావడం లేదని యజమానులు డైనోల మీదే పట్టుకున్నారు. ఫోర్డ్ వాటిని వెనక్కి పిలిచి ఇన్‌టేక్ మానిఫోల్డ్, ఎగ్జాస్ట్ భాగాలు మార్చింది. 2001లో మాజ్దా తన మియాటా స్పోర్ట్స్ కారుకు అమెరికాలో చెప్పిన 155 హెచ్‌పీని 142కు దించుకుని, కార్లను తిరిగి కొంటామని ప్రకటించింది.

కాబట్టి ఇకపై మీ సమీక్షల కింద ఒక చిన్న పెట్టె కట్టి, ఆ రోజు ఉష్ణోగ్రత, ట్రాక్ ఎత్తు, తూచిన బరువు, పెట్రోలు ఆక్టేన్, రెండు దిక్కుల 100–200 సమయాలు అచ్చు వేయవలసిందిగా కోరుతున్నాం.

— ఆటోమొబైల్ ఇంజనీర్లయిన కొందరు పాఠకులు