1817 నాటి యుద్ధనౌక అని అమ్మి, 1845 తరువాతి ముక్కలు పంపడంపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

విషయం: ‘హెచ్.ఎం.ఎస్. ట్రింకోమలీ’ చెక్క నమూనా కిట్‌లో ఓడ వెనుక భాగం, ఫిరంగులు, ఏడవ బల్క్‌హెడ్ పలక (ఓడ ఆకారాన్ని నిలిపే అడ్డపలక) విషయంలో ఉన్న లోపాలను సరిచేయవలసిందిగా విజ్ఞప్తి.

అయ్యా,

మీ సంస్థ తయారుచేసిన 1:64 కొలత గల ట్రింకోమలీ నమూనా కిట్‌ను మూడు నెలల క్రితం కొన్నాను. పెట్టె మూత మీద ‘1817లో జలప్రవేశం చేసిననాటి రూపంలో, 38 ఫిరంగుల ఫ్రిగేట్’ (వేగంగా నడిచే మధ్యశ్రేణి యుద్ధనౌక) అని పెద్ద అక్షరాలతో అచ్చువేశారు. ఆ మాట చూసే కొన్నాను. లోపలి ముక్కలు ఆ మాటకు సరిపోవడం లేదని ఇప్పటికి మూడుసార్లు రాశాను, మూడు జవాబులూ అందాయి. కానీ నేను అడిగినదానికి వాటిలో ఏ ఒక్కదానిలోనూ సమాధానం లేదు. అందువల్ల ఈసారి విషయమంతా ఒక్కచోట, కొలతలతో సహా రాస్తున్నాను. దయచేసి దీన్ని మీ డ్రాయింగ్ విభాగంలో ఓడల సంగతి తెలిసిన వారి చేతికి అందించండి.

ఈ పనికి నేను కొత్తవాడిని కాను. ఇది నా చేతి మీదుగా వెళ్తున్న ఏడవ చెక్క ఓడ. చెక్క అన్నాక కొంత వంకర ఉంటుందని, ఒక కట్టలోని పట్టీలన్నీ ఒకే రంగులో ఉండవని, లేజర్‌తో కోసిన అంచు నల్లబడుతుందని నాకు తెలుసు. అటువంటివాటికి ఎవరికీ ఉత్తరం రాయను, ఉప్పుకాగితం తీసుకుని కూర్చుంటాను. ఉప్పుకాగితంతో సరికానిది ఉన్నందునే మిమ్మల్ని ఆశ్రయించవలసి వచ్చింది.

ఎన్నో ఓడలుండగా ఈ ఓడనే ఎంచుకోవడానికి కారణం చెబితే నా బాధ మీకు తేలికగా అర్థమవుతుంది. ట్రింకోమలీ బ్రిటిష్ నౌకాదళానికి చెందినదే అయినా, బొంబాయిలో, ఓడలు కట్టే పార్సీ కుటుంబమైన వాడియాల నిర్మాణశాలలో, జంషెడ్జీ బొమన్జీ వాడియా పర్యవేక్షణలో మలబారు టేకుతో తయారైంది. ఓక్ చెక్కకు కరువు వచ్చిన రోజుల్లో టేకును నమ్ముకుని కట్టిన ఆ ఓడ, 1817 అక్టోబరు 12న నీటిలోకి దిగి, రెండు వందల ఏళ్లు దాటినా ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో నేటికీ తేలుతూనే ఉంది. దాని వెన్నుదూలంలో పార్సీల ఆచారం ప్రకారం ఒక వెండి మేకు కొట్టారని చదివి, నేనూ సరదాకి మీ ప్లైవుడ్ వెన్నుపలకలో గోరంత వెండి తీగ ముక్కను దిగేశాను. పని మొదలుపెట్టిన రోజున ఉన్న ఉత్సాహం అటువంటిది.

ఇక అసలు విషయం. 1817లో ఆ ఓడ వెనుక గోడ పాత పద్ధతిలో, నలుచదరంగా ఉండేది. పట్టుబడిన ‘హెబే’ అనే ఫ్రెంచి ఓడ గీతల ఆధారంగా రూపొందిన లీడా తరగతి ఫ్రిగేట్లకు (ట్రింకోమలీ కూడా ఆ ఒకే నమూనా ఓడల వరుసలోనిదే) ఆ కాలంలో అదే పద్ధతి. ట్రింకోమలీ 1819లో పోర్ట్స్‌మత్ చేరాక, నెపోలియన్‌తో యుద్ధాలు ముగిసిపోవడంతో దానిని పక్కన కట్టి ఉంచారు, 1845 వరకు కదిలించలేదు. ఆ ఏడాది మొదలైన మార్పులలో ఫిరంగుల సంఖ్య తగ్గించి, వాటి స్థానంలో మరింత శక్తిగలవి పెట్టి, ఓడ వెనుక భాగం రూపం మార్చి, దానిని 26 ఫిరంగుల కార్వెట్‌గా (ఫ్రిగేట్ కన్నా చిన్న శ్రేణి యుద్ధనౌకగా) లెక్కలోకి తీసుకున్నారు. అంటే ఒకే పేరుతో రెండు రూపాలున్నాయి, వాటి మధ్య గీత స్పష్టంగా ఉంది. 1817 రూపం కావాలంటే ఎటువంటి సందేహానికీ తావులేదు, ఎందుకంటే ఇరవై ఏడేళ్లకు పైగా ఆ రూపం జోలికి ఎవరూ పోలేదు.

మీ కిట్‌లోని మూడవ పటంలో వెనుక గోడను పక్కనుంచి చూస్తే సరళరేఖగానే, అంటే 1817 పద్ధతిలోనే గీశారు. కానీ ఆ గోడకు ఆధారమయ్యే అయిదు చిన్న పక్కటెముకలు, కిటికీల చట్రం మాత్రం గుండ్రంగా కోసి ఉన్నాయి. జిగురు పెట్టకుండా ఊరకే అమర్చి, రెండు చివరలకూ స్టీలు స్కేలు ఆనించి చూశాను. నడిమి కిటికీ దగ్గర గోడ 18 మిల్లీమీటర్లు బయటికి పొంగి ఉంది. అసలు ఓడ మీద అది మీటరుకు మించిన తేడా. పటం ప్రకారం చేద్దామంటే ముక్కలు ఒప్పుకోవు, ముక్కల ప్రకారం చేద్దామంటే పటం ఒప్పుకోదు. పక్కల గ్యాలరీల (వెనుక గోడకు రెండు పక్కలా పొడుచుకు వచ్చే కిటికీల గూళ్ల) కోసం ఇచ్చిన లోహపు ముక్కలు ఈ రెంటిలో దేనికీ అతకడం లేదు.

దీని మీద మీ రెండవ జవాబులో, ఇప్పుడు సందర్శకులకు చూపుతున్న ఓడను చూసి ఆ భాగాన్ని రూపొందించామని రాశారు. నిజానికి మీరిచ్చిన జవాబులన్నింటిలో నాకు పనికివచ్చిన వాక్యం అదొక్కటే, పొరపాటు ఎక్కడ జరిగిందో దానివల్లే తెలిసింది. ఇప్పుడున్న ఓడ 1845 మార్పుల తరువాతి ఓడ. దానిని చూసి గీయడం తప్పు కాదు, గీసినదానికి 1817 అని పేరు పెట్టడం తప్పు. మూత మీద ‘1845 తరువాతి కార్వెట్ రూపం’ అని ఉంటే నేను కొనేవాడినో కాదో గానీ, ఈ ఉత్తరం మాత్రం రాసేవాడిని కాదు. ఇందులో ఇంకొక విచిత్రం ఉంది. అసలు ఓడ పటాలను ఇంగ్లండు నుంచి తీసుకువస్తున్న ‘జావా’ అనే నౌక 1812 డిసెంబరులో బ్రెజిల్ తీరానికి ఆవల అమెరికా వారి ‘కాన్‌స్టిట్యూషన్’ చేతికి చిక్కి నాశనమైంది, ఆ పటాలూ దానితోనే పోయాయి. బొంబాయిలో మళ్లీ పటాలు తెప్పించుకుని కట్టారు. నాకు పటాలు భద్రంగానే అందాయి, ముక్కలే వేరే కాలానివి వచ్చాయి.

ఫిరంగుల లెక్కలోనూ ఇదే కలగలుపు కనిపిస్తుంది. మూత మీద 38 అని ఉండగా, సంచిలో లోహపు గొట్టాలు సరిగ్గా 26 ఉన్నాయి. మొదట సంచిలో తక్కువ పడ్డాయేమో అనుకున్నాను. ముక్కల జాబితాలోనూ 26 అనే అచ్చయి ఉండడం చూశాక, ఇది కూడా కార్వెట్ లెక్కేనని అర్థమైంది. 1817లో ఈ తరగతి ఓడల ప్రధాన ఫిరంగి అంతస్తు మీదే 18 పౌండ్ల గుండును పేల్చే ఫిరంగులు 28 ఉండాలి, అంటే ఒక్కో పక్కన 14. మీరు పక్కగోడల పలకల్లో రంధ్రాలు కూడా 14 చొప్పునే కోశారు. ఈ 26 గొట్టాలతో ఆ ఒక్క అంతస్తే నిండదు, ఇక పై అంతస్తు సంగతి చెప్పనక్కరలేదు. ఆ రోజుల్లో 38 ఫిరంగులన్న శ్రేణి లెక్కలో చాలా కారొనేడ్లను (దగ్గరి దూరానికి వాడే పొట్టి ఫిరంగులను) కలిపేవారు కాదు కనుక అసలు సంఖ్య ఇంకా పెద్దదని నాకు తెలుసు. అంత సూక్ష్మంలోకి ఇప్పుడు వెళ్లను. మూత మీద వేసిన అంకెకు సరిపడా ఇవ్వండి, చాలు.

బల్క్‌హెడ్ విషయం కేవలం తయారీ లోపం. వెన్నుపలక మందం 5 మిల్లీమీటర్లు. మిగిలిన పలకల గాడులు వెర్నియర్‌తో కొలిస్తే 5.0, 5.1 వస్తుండగా, ఏడవదాని గాడి ఒక్కటే 5.4 ఉంది, పైగా అది నడిమి గీతకు ఒక పక్కకు జరిగి ఉంది. దానివల్ల ఆ పలక ఎడమ వైపు 2 మిల్లీమీటర్లు ఎక్కువగా పొడుచుకు వస్తోంది. ముక్కు నుంచి వెనుకదాకా ఒక పలుచని పట్టీని వంచి పలకల మీద ఆనించాను. ఆరు మీద ఆనలేదు, ఎనిమిది మీద ఆనలేదు, ఏడు మీద మాత్రం మోకాలి చిప్పలా ఎత్తుగా నిలిచింది. టేబుల్ దీపం వెనుక పెట్టి చూస్తే రెండు పక్కలా సన్నని వెలుతురు గీత కనబడింది. అసలు ఓడ కొలతలో అది అయిదు అంగుళాల బొడిపె. ఎడమ వైపు చిత్రిక పట్టి తగ్గించవచ్చు, నిజమే. కానీ కుడి వైపు అంతే లోతు పల్లం మిగులుతుంది, దానిని చెక్క ముక్కలతో నింపుకోవాలి. మీ మొదటి జవాబులో ‘కొద్దిగా సాండింగ్ చేస్తే సరిపోతుంది’ అన్నవారు ఈ పలకను చేత్తో పట్టుకుని చూసి ఆ మాట అన్నారని నేను అనుకోను.

దారాలు, కప్పీలు బాగున్నాయి. స్తంభాలను పక్కలకు బిగించే తాళ్లకు నల్లదారం, తెరచాపలను నడిపే తాళ్లకు లేతరంగు దారం వేరువేరుగా ఇచ్చిన శ్రద్ధను మెచ్చుకోవాలి. అంత శ్రద్ధ ఉన్నచోట వెనుక భాగం దగ్గర ఇలా ఎందుకు జరిగిందన్నదే నా ప్రశ్న.

మీ మూడవ జవాబులో ఇది అలంకరణ వస్తువని, స్వల్ప తేడాలు సహజమని, పెట్టె తెరిచినందున వాపసుకు వీలుకాదని రాశారు. పెట్టె తెరవకుండా లోపలి ముక్కల కాలం తెలుసుకునే ఉపాయం నాకు తెలియదు. ఇక అలంకరణ అనే మాటకు వస్తే, మీ ప్రకటనలో ఆ మాట ఎక్కడా లేదు, ‘చారిత్రక పటాల ఆధారంగా, కొలత తప్పకుండా’ అనే ఉంది. ఆ ప్రకటన కాగితం నా దగ్గర భద్రంగా ఉంది.

కనుక నేను కోరుతున్నది ఇది. మూడవ పటానికి సరిపోయే, అంటే 1817 నాటి నలుచదరపు వెనుక గోడకు కావలసిన పక్కటెముకలు, కిటికీల చట్రం, పక్క గ్యాలరీల ముక్కలు పంపండి. వాటితో పాటు సరైన ఏడవ పలకను, తక్కువైన 12 ఫిరంగి గొట్టాలను కూడా చేర్చండి. అవి మీ దగ్గర తయారులో లేవంటే కిట్ మొత్తం వెనక్కి తీసుకుని పూర్తి సొమ్ము తిరిగి ఇవ్వండి, రవాణా ఖర్చు మీరే భరించాలి. రెండింటిలో ఏది చేసినా, మూత మీది మాటలను మాత్రం సరిదిద్దండి. అది నాకోసం అడగడం లేదు, నాలాగే ఆ మాట చూసి కొనబోయేవారి కోసం అడుగుతున్నాను. సగం ఖర్చుకు కూపన్ ఇస్తామన్న మీ ప్రతిపాదనను అంగీకరించలేను, ఎందుకంటే నాకు కావలసింది మరో కిట్ కాదు.

స్కేలు ఆనించి తీసిన వెనుక గోడ ఫోటోలు నాలుగు, గాడుల కొలతల పట్టిక, ముక్కల జాబితా పేజీ, ప్రకటన నకలు ఈ లేఖతో జతచేస్తున్నాను. వెన్నుపలకకు మొదటి ఆరు పలకలు జిగురుతో అతికించి ఉన్నాయి, పట్టీలు ఇంకా మొదలుపెట్టలేదు. వాపసు పంపమంటే అలాగే పంపుతాను, వెండి ముక్కతో సహా. ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లోగా, ముందే తయారుచేసి ఉంచిన పాఠం కాకుండా, పై మూడు లోపాలకూ విడివిడిగా జవాబు పంపగలరని ఆశిస్తున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
మీ కిట్ కొనుగోలుదారు