ఒకటో తేదీ నుంచి మా అంగడిలో కొత్త ఛార్జీలు: ఏది ఎందుకు, ఏది తప్పించుకోవచ్చు

కడప ఏడు రోడ్ల దగ్గర మా అంగడికి రీఛార్జుకు, సిమ్ములకు, బిల్లు కట్టడానికి వచ్చే అన్నలకు, అక్కలకు, పెద్దవాళ్ళకు నమస్కారం. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి కౌంటర్ దగ్గర మూడు సంగతులు మారుతున్నాయి. పోస్ట్‌పెయిడ్ బిల్లు మా దగ్గర కడితే బిల్లుకు 10 రూపాయలు తీసుకుంటాం. బిల్లు డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీసిస్తే పేజీకి 5 రూపాయలు. ఖాతా మీద, అంటే అప్పుగా, రీఛార్జ్ ఇక లేదు. ప్రీపెయిడ్ రీఛార్జుకు మాత్రం ప్లాన్ ధర మీద పైసా ఎక్కువ తీసుకోం. 299 అంటే 299, ఫోన్‌పేలో ఇచ్చినా నోట్లు ఇచ్చినా అంతే.

కారణం దాచిపెట్టేదేమీ లేదు. ప్రీపెయిడ్ రీఛార్జ్ చేస్తే కంపెనీ మాకు కమిషన్ ఇస్తుంది, తక్కువే అయినా ఇస్తుంది. పోస్ట్‌పెయిడ్ బిల్లు కట్టిస్తే మాకు మిగిలేది దాదాపు సున్నా. పని మాత్రం దానికే ఎక్కువ: పాత బాకీ ఎంతో చూడాలి, గడువు దాటిందేమో చూడాలి, రసీదు వచ్చేదాకా నిలబడాలి. ఇంట్లో పిల్లోళ్ళకు కంపెనీ యాప్ తెలిసుంటే అందులోనే కట్టుకోండి, ఆ 10 రూపాయలు మీకే మిగులుతాయి. అయితే పేమెంట్ యాప్‌లలో కొన్ని రీఛార్జ్ మీద ప్లాట్‌ఫామ్ ఫీజు పేరుతో 1 నుంచి 3 రూపాయలు వేస్తాయి. చివరి స్క్రీన్ మీద మొత్తం ఎంత చూపిస్తుందో చూసి నొక్కండి.

ఇక ఖాతా సంగతి. రీఛార్జ్ చేసే వాలెట్లో మేము ముందే లెక్క (డబ్బు) వేసుకోవాలి. మీరు జీతం పడినాక ఇస్తామన్న రీఛార్జుకు మేము పొద్దున్నే కట్టేసి ఉంటాం. ప్లాన్లు 150, 200 ఉన్నప్పుడు ఓర్చుకునేవాళ్ళం. ఇప్పుడు మూడు నెలల ప్లాన్ ఒక్కటే 800 అటూ ఇటూ అవుతోంది, ఇంటికి నాలుగు ఫోన్లు. అందరికీ ఖాతా రాస్తూ పోతే సాయంత్రానికి వాలెట్ ఖాళీ అయిపోయి, రొక్కం ఇచ్చేవాళ్ళకే రీఛార్జ్ పడదు.

ధరలెట్లా పెరిగాయో ఒకసారి చెప్పాలి, ఎందుకంటే 'నువ్వే పెంచినావా' అని ఇప్పటికీ అడుగుతున్నారు. 2024 జూలై 3న జియో, ఎయిర్‌టెల్, మరుసటి రోజు వీఐ పెంచాయి. జియోలో 28 రోజుల 239 ప్లాన్ 299 అయింది, 84 రోజుల 666 ప్లాన్ 799 అయింది. ఎయిర్‌టెల్‌లో 179 ప్లాన్ 199, 84 రోజుల 719 ప్లాన్ 859. బీఎస్ఎన్ఎల్ అప్పుడు పెంచలేదు. కంపెనీ ధర పెంచినా మీరు ఇప్పటికే వేయించుకున్న ప్లాన్ దాని గడువు తీరేదాకా నడుస్తుంది, మధ్యలో ఎవరూ అదనంగా అడగరు. అడిగితే అది మోసం. 299లో ప్రభుత్వానికి పోయే 18 శాతం జీఎస్టీ కూడా కలిసే ఉంది, విడగొడితే 253 రూపాయల 39 పైసలు ప్లాన్, 45 రూపాయల 61 పైసలు పన్ను.

ఇంకో మార్పు చాలామంది గమనించలేదు. అప్పటి నుంచే అపరిమిత 5జీ జియోలో రోజుకు 2 జీబీ, అంతకు మించిన ప్లాన్లకే పరిమితమైంది. 299లో రోజుకు 1.5 జీబీ, కాబట్టి దాంట్లో ఆ అపరిమిత 5జీ రాదు. ఫోను చెడిపోయిందని రిపేరుకు తెస్తున్నారు. ఫోనుకేం కాలేదు. 349 వేస్తే వస్తుంది. కానీ పగలంతా ఇంట్లో, అంగట్లో వైఫై ఉండేవాళ్ళకు ఆ 50 రూపాయలు దండగ. ఈ ముక్క మేము కౌంటర్ దగ్గరా చెప్తాం, మీరు వినకుండా 349 అంటే 349 వేస్తాం.

28 రోజుల లెక్కలో ఒక కిటుకు ఉంది. ఏడాదికి పన్నెండు నెలలే కానీ 28 రోజుల రీఛార్జులు పదమూడు పడతాయి. 299 పదమూడు సార్లు అంటే 3,887. అదే జియోలో 319 ప్లాన్ ఉంది, రోజుకు అదే 1.5 జీబీ, కానీ గడువు క్యాలెండర్ నెల. 5వ తేదీ వేస్తే మళ్ళీ 5వ తేదీకే. పన్నెండు సార్లు వేస్తే 3,828. చూడ్డానికి 20 ఎక్కువ, ఏడాదికి 59 తక్కువ, పైగా తేదీ గుర్తుంటుంది. ఫోన్ కంపెనీలను అదుపు చేసే ప్రభుత్వ సంస్థ ట్రాయ్ 2022 జనవరిలో ఇచ్చిన ఆదేశం ప్రకారం ప్రతి కంపెనీ 30 రోజుల ప్లాన్ ఒకటి, ప్రతి నెలా ఒకే తేదీకి వచ్చే ప్లాన్ ఒకటి తప్పకుండా పెట్టాలి. బయట బోర్డుల మీద అవి కనపడవు, అడిగితేనే వేస్తారు. జీతం ఒకటో తేదీ పడేవాళ్ళకు అదే సుఖం. చేతిలో ఒకేసారి లెక్క ఉంటే మాత్రం ఈ మూడిట్లో 84 రోజుల ప్లాన్ చవక: 799ని 84తో భాగిస్తే రోజుకు తొమ్మిదిన్నర రూపాయలు, 299ని 28తో భాగిస్తే పదిన్నర దాటుతుంది.

అవ్వలకు, తాతలకు నెట్ ప్లాన్ వేయించకండి. 2024 డిసెంబరులో ట్రాయ్ నిబంధన మార్చింది, కాల్స్, ఎస్ఎంఎస్ మాత్రమే ఉండే ప్లాన్లు కంపెనీలు ఇచ్చి తీరాలి. 2025 జనవరి నుంచి అవి వచ్చాయి. జియోలో 448కి 84 రోజులు, 1748కి 336 రోజులు. ఎయిర్‌టెల్‌లో 469కి 84 రోజులు, 1849కి 365 రోజులు. అన్నిట్లో కాల్స్ అపరిమితం. అంటే రోజుకు ఐదు రూపాయల చిల్లర, నెట్ ప్లాన్లో సగం. రెండు జాగ్రత్తలు. జియోకు 2జీ లేదు కాబట్టి పాత 2జీ కీప్యాడ్ ఫోనులో జియో సిమ్ పని చేయదు, 4జీ కీప్యాడ్ ఫోను ఉండాలి. రెండోది, నెట్ లేని ప్లాన్ ఉన్న సిమ్ టచ్ ఫోనులో వేసి, డేటా ఆన్‌లో ఉండి, మెయిన్ బ్యాలెన్స్‌లో రూపాయలుంటే డేటా ఆ బ్యాలెన్స్‌ను తినేస్తుంది. 1925కి STOP అని మెసేజ్ పెడితే ఆ నంబరుకు డేటా పూర్తిగా ఆగిపోతుంది, కావాలంటే START అని పెట్టాలి. ఇది ఉచితం.

కువైట్‌కు పోయినోళ్ళ ఇళ్ళనుంచి ఎక్కువగా వచ్చే కష్టం ఇది: 'బ్యాంకు ఓటీపీ రావడం లేదు, నంబరు వేరేవాళ్ళకు పోయింది.' రాయచోటి, రాజంపేట వైపునుంచి ఇది వారానికి ఒకటైనా వస్తుంది. నిబంధన ఇట్లా ఉంది. ప్రీపెయిడ్ నంబరు వాడకుండా 90 రోజులు ఉంటే కంపెనీ మూసేయొచ్చు. కానీ ఆ రోజున మెయిన్ బ్యాలెన్స్‌లో కనీసం 20 రూపాయలుంటే ఆ 20 కోసుకుని ఇంకో 30 రోజులు నంబరు ఉంచాలి. బ్యాలెన్స్ ఉన్నంత కాలం అట్లా 30 రోజులకొకసారి కోసుకుంటూ పోతుంది.

ఇక్కడే దెబ్బ తింటారు. 20 రూపాయల టాపప్ (బ్యాలెన్స్ మాత్రమే పడే రీఛార్జ్) వేయించి ఊరుకుంటారు. టాపప్‌లో జీఎస్టీ పోతుంది, దాని మీద ప్రాసెసింగ్ ఫీజు పోతుంది, ఆ ఫీజు టాపప్‌లో పదో వంతు లేదా 3 రూపాయలు, ఏది తక్కువైతే అది. 20 వేస్తే బ్యాలెన్స్‌లో పడేది 14 రూపాయల 95 పైసలు. 20 కన్నా తక్కువ, కాబట్టి నంబరు నిలవదు. 10 వేస్తే 7.47, 50 వేస్తే 39.37, 100 వేస్తే 81.75. నాలుగు నెలలు నంబరు నిలవాలంటే 100 వేయించండి, అది నాలుగు సార్లు కోసుకోడానికి సరిపోతుంది.

ఈ 20 రూపాయలు నంబరును బతికించడానికే, ఓటీపీలు రావడానికి కాదు. ప్లాన్ గడువు లేకపోతే ఇన్‌కమింగ్ కూడా ఆగుతుంది. అక్కడ ఓటీపీ కావాలనుకునేవాళ్ళు పోయే ముందే ఇక్కడే ఏడాది వాయిస్ ప్లాన్ వేయించి, అంతర్జాతీయ రోమింగ్ ఆన్ చేయించి, డేటా రోమింగ్ ఆఫ్ చేసి పోవాలి. విమానం దిగాక చేయించడం తలనొప్పి. మూసేసిన నంబరును కంపెనీ 90 రోజులు ఎవరికీ ఇవ్వకూడదు. ఆ గడువులోపే బ్యాంకులో, ఆధార్‌లో, వాట్సాప్‌లో కొత్త నంబరు మార్చుకోవాలి. ఆ తర్వాత మీ ఓటీపీ ఇంకొకరి ఫోనులో మోగుతుంది.

ఇప్పుడు పోస్ట్‌పెయిడ్. 'ప్లాన్ 449 అన్నావు, బిల్లు 530 వచ్చింది' అని మొదటి నెలే గొడవ. ప్రీపెయిడ్ ధరలో జీఎస్టీ కలిసి ఉంటుంది, పోస్ట్‌పెయిడ్‌లో కలవదు. 449 మీద 18 శాతం అంటే 80.82, మొత్తం 529.82. అదే 549 ప్లాన్ అయితే 647.82. ఇకనుంచి మా దగ్గర పోస్ట్‌పెయిడ్ ఫారం నింపేటప్పుడు పన్నుతో కలిపిన ధర చీటీ మీద రాసి ఇస్తాం, అది చూసే సంతకం పెట్టండి. మొదటి బిల్లు ఇంకో రకంగా కూడా తికమక పెడుతుంది. మీ బిల్లు నెల ఒకటో తేదీకి మొదలై, మీరు 18న చేరితే మొదటి బిల్లులో మిగిలిన రోజుల అద్దె మాత్రమే వస్తుంది. అది చూసి ఇదే నెలవారీ బిల్లు అనుకుంటారు, రెండో బిల్లు చూసి ఉలిక్కిపడతారు.

బిల్లు కాగితంలో మొత్తం ఒక్కటే చూడకండి. నెలవారీ అద్దె, వాడకం, అదనపు సేవలు, ఆలస్య రుసుము, పాత బాకీ, పన్ను అని వేరు వేరు వరుసలు ఉంటాయి. మేము చూసిన ఎక్కువ బిల్లుల్లో తేడా రెండు చోట్ల దొరుకుతుంది. ఒకటి, గడువు తప్పిన నెల ఆలస్య రుసుము. దాని మీద మళ్ళీ జీఎస్టీ. రెండోది, గూగుల్ ప్లేలో పిల్లలు ఆటల కోసం కొన్నవి. కొన్ని కంపెనీల్లో ఆ కొనుగోలు నేరుగా ఫోను బిల్లుకు ఎక్కుతుంది. ప్లే స్టోర్ తెరిచి, పేమెంట్ పద్ధతుల్లోకి పోయి, కంపెనీ బిల్లింగ్ అన్నది తీసేయండి, కొనుగోలుకు పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి.

ప్రీపెయిడ్‌లో బ్యాలెన్స్ మాయమవుతోందంటే ఎక్కువసార్లు కాలర్ ట్యూనో, జ్యోతిషమో, క్రికెట్ స్కోరో ఎప్పుడో ఆన్ అయి ఉంటుంది. 155223కి కాల్ చేసి ఆపించండి, కాల్ ఉచితం. మీరు ఒప్పుకున్నట్టు రెండుసార్లు నిర్ధారణ లేకుండా ఏ సేవా ఆన్ చేయకూడదు. నిర్ధారణ చూపించమని అడిగి, లెక్క వెనక్కి ఇమ్మనండి. బ్యాలెన్స్ ఎక్కడ పోయిందో రాతపూర్వకంగా కావాలంటే ప్రీపెయిడ్ వాళ్ళకు కూడా గత ఆరు నెలల లోపు వాడకం బిల్లు అడిగే హక్కుంది, కంపెనీ 50 రూపాయలకు మించి తీసుకోకూడదు.

ఫిర్యాదు చేయాలంటే 198. సమాచారం అడిగే 121 కాదు, 198. మాట్లాడి పెట్టేయకుండా డాకెట్ నంబరు (ఫిర్యాదుకు వాళ్ళిచ్చే నంబరు) రాసుకోండి, అది లేని ఫిర్యాదు ఫిర్యాదే కాదు. బిల్లు ఫిర్యాదులకు నాలుగు వారాలు ఆగాలి. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు ఆ కంపెనీ అప్పీలు అధికారికి రాయొచ్చు, రుసుము లేదు. డాకెట్ నంబరు ఉంటే అప్పీలు ఎట్లా రాయాలో మేము చూపిస్తాం, దానికేమీ తీసుకోం.

నంబరు అదే ఉంచుకుని కంపెనీ మారాలనుకునేవాళ్ళకు (దీన్నే పోర్ట్ అంటారు). 1900కి PORT అని, ఒక ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబరు మెసేజ్ పెట్టండి. వచ్చే కోడ్ నాలుగు రోజులే చెల్లుతుంది. ప్రస్తుత కంపెనీలో 90 రోజులు నిండాలి. సిమ్ పోయి కొత్తది తీసుకుని ఉంటే, 2024 జూలైలో వచ్చిన నిబంధన ప్రకారం ఏడు రోజులు ఆగాలి. పోస్ట్‌పెయిడ్‌లో గడువు దాటిన బాకీ ఉంటే కోడే రాదు. మారిపోయాక వచ్చే ఆఖరి బిల్లు కట్టకుండా వదిలేస్తే, పాత కంపెనీ అడిగి కొత్త కంపెనీలో కూడా మీ నంబరు ఆపించగలదు. ప్రీపెయిడ్‌లో మిగిలిన రోజులు, బ్యాలెన్స్ వెంట రావు, కాబట్టి ప్లాన్ అయిపోయే వారంలో మొదలుపెట్టండి. హైదరాబాదులో తీసుకున్న నంబరు మన సర్కిలే (కంపెనీల లెక్కలో ఆంధ్ర, తెలంగాణ ఒకే ప్రాంతం), మూడు పనిదినాల్లో అయిపోతుంది. బెంగళూరు నంబరు వేరే సర్కిల్, ఐదు పనిదినాలు. మారే ముందు ఆ కంపెనీ సిమ్ ఉన్న పక్కింటివాళ్ళ ఫోను ఒకసారి మీ వంటింట్లో పెట్టి సిగ్నల్ చూడండి. ధర చూసి మారి, సిగ్నల్ లేక 90 రోజులు మిద్దెక్కి మాట్లాడుతున్నవాళ్ళు ఊళ్ళో ఉన్నారు.

తప్పు నంబరుకు రీఛార్జ్ పడితే వెనక్కి రావడం శానా కష్టం, ప్లాన్ మొదలయ్యాక కంపెనీ ఒప్పుకోదు. అందుకే ఇకమీదట నోటితో చెప్పిన నంబరుకు చేయం. కౌంటర్ మీద పుస్తకం, పెన్ను ఉంటాయి, నంబరు మీరే రాయండి, లేదా మాకు మిస్డ్ కాల్ ఇవ్వండి. చేసే ముందు నంబరు, కంపెనీ, ధర, గడువు నాలుగూ చదివి వినిపిస్తాం, సరే అన్నాకే నొక్కుతాం. పోర్ట్ అయిన నంబరైతే ఇప్పుడు ఏ కంపెనీలో ఉందో చెప్పండి, 94తో మొదలైందని బీఎస్ఎన్ఎల్ అనుకోవద్దు.

కొత్త సిమ్, పోయిన సిమ్ బదులు సిమ్, పోర్ట్, మూడింటికీ ఎవరి పేరుమీద ఉందో ఆ మనిషే ఆధార్‌తో రావాలి. ఫోటో అక్కడికక్కడే తీస్తాం. అన్నకోసం తమ్ముడు వస్తే కుదరదు. సిమ్ మార్చిన 24 గంటలు ఎస్ఎంఎస్‌లు రావు, కాబట్టి బ్యాంకు పనో, పరీక్ష దరఖాస్తో ఆ 24 గంటల్లో పెట్టుకోకండి. పాత ఖాతా బాకీ ఉన్నవాళ్ళు ఈ నెలాఖరులోపు రెండు విడతలుగా ఇచ్చినా సరే. పుస్తకంలో ఎవరి పేజీ వాళ్ళకు చూపించి, కట్టింది మీ ముందే కొట్టేస్తాం.