లోము కెరీర్ 1995తో ఆగిపోలేదు

సంపాదకుడు గారికి,

రగ్బీ ప్రపంచకప్ మాట వచ్చినప్పుడల్లా క్రీడా పేజీల్లో న్యూజిలాండ్ వింగ్ (మైదానం అంచున ఆడే ఆటగాడు) జోనా లోము గురించి ఒకటే కథ చదువుతుంటాను. 1995 జూన్ 18, కేప్‌టౌన్‌లోని న్యూలాండ్స్ మైదానం, ఇంగ్లండ్‌తో సెమీఫైనల్. అడ్డొచ్చిన ఇంగ్లండ్ ఆటగాడు మైక్ కాట్‌ను తొక్కుకుంటూ వెళ్లి ట్రై చేయడం (బంతిని ప్రత్యర్థి గీత దాటించి నేలకు తాకించడం), ఆ ఒక్క మ్యాచ్‌లోనే 4 ట్రైలు. ఎన్నిసార్లయినా చూడదగ్గ ఆటే, కాదనను. అంత ఎత్తు, అంత బరువు ఉన్న మనిషి ఎడమ అంచున బంతి అందుకుని ఆ వేగంతో పరుగెత్తితే ఆపేదెవరు? కానీ ఆయన కెరీరంతా ఆ ఒక్క మధ్యాహ్నమే అన్నట్టు రాస్తుంటే బాధేస్తుంది.

నేను గుంటూరులో డయాలసిస్ టెక్నీషియన్‌ని. ఆ ఏడాది చివర్లోనే లోముకు నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే కిడ్నీ జబ్బు ఉందని తేలింది. అప్పటికి ఆయన వయసు 20. ఒంట్లోని ప్రొటీన్ మూత్రంలో పోతుంటుంది, కాళ్లకు నీరు పడుతుంది, ముఖం ఉబ్బుతుంది, నీరసం మనిషిని లేవనివ్వదు. మా దగ్గరికొచ్చే కుర్రాళ్లలో కొందరి ఫైళ్లు ఈ జబ్బు పేరుతోనే మొదలవుతాయి. అలాంటి జబ్బుతో మందులు వాడుతూ, 1997లో చాలాకాలం ఆటకు దూరమై, తిరిగొచ్చి 1999 ప్రపంచకప్‌లో ఆయన 8 ట్రైలు చేశాడు. 1995లో చేసినవి 7. జబ్బు బయటపడ్డాకే ఎక్కువ! రెండూ కలిపి 15. 2015లో దక్షిణాఫ్రికా ఆటగాడు బ్రయాన్ హబానా దాన్ని సమం చేశాడు గానీ దాటలేకపోయాడు.

2002 నవంబరులో కార్డిఫ్‌లో వేల్స్‌పై చివరి టెస్టు, అంటే దేశం తరఫున చివరి మ్యాచ్. మొత్తం 63 టెస్టులు, 37 ట్రైలు. మరుసటి ఏడాదే డయాలసిస్ మొదలైంది. నరాలు దెబ్బతిని కాళ్లు సరిగా స్వాధీనంలో లేని స్థితి. ఆ కాళ్లతో ఆయన ఏం చేశాడో తెలిసినవాళ్లకు ఈ వాక్యం చదవడం కష్టం. 2004 జులైలో వెల్లింగ్టన్ రేడియోలో పనిచేసే గ్రాంట్ కెరీమా తన కిడ్నీ ఒకటి ఇచ్చాడు. ఆయన లోముకు రక్తసంబంధీకుడు కాదు.

అమర్చిన కిడ్నీ సాధారణంగా పొత్తికడుపులో ముందువైపు ఉంటుంది, పక్కటెముకల కాపుదల ఉండదు. అందుకే ఒకరినొకరు ఢీకొనే ఆటలు వద్దంటారు. మా పేషెంట్లకు నేనూ అదే చెబుతాను. లోము మాత్రం 2005లో వేల్స్ జట్టు కార్డిఫ్ బ్లూస్ క్లబ్ తరఫున మళ్లీ మైదానంలోకి దిగాడు. మునుపటి వేగం లేదు, న్యూజిలాండ్ జట్టులో చోటూ దక్కలేదు. నాకు మాత్రం న్యూలాండ్స్ ఆట కన్నా ఇదే గొప్పగా తోస్తుంది. 2011లో ఆ కిడ్నీ పనిచేయడం మానేసింది. మళ్లీ డయాలసిస్. 2015 నవంబరు 18న, 40 ఏళ్లకే పోయాడు.

వచ్చే నవంబరులో ఆయన గురించి వేస్తే, కాట్‌ను దాటుతున్న ఫొటో పక్కనే 1999 నాటి ఆ 8 ట్రైల సంగతీ, గ్రాంట్ కెరీమా పేరూ వేయండి. డయాలసిస్ మంచం మీద పేపరు చదివేవాళ్లు మా వార్డులో చాలామందే ఉన్నారు.

– ఒక డయాలసిస్ టెక్నీషియన్, గుంటూరు