బొమ్మల పీరియడ్‌లో దివ్యాంగ పిల్లలకూ చోటివ్వాలి

సంపాదకులకు నమస్కారం.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే మా మండల భవిత కేంద్రంలో పిల్లలచేత బొమ్మలు వేయిస్తుంటాను. మస్తిష్క పక్షవాతం ఉన్న మూడో తరగతి పాపకు క్రేయాన్ చేతిలో నిలిచేది కాదు. దానికి పాత నూలుగుడ్డ లావుగా చుట్టి, కాగితాన్ని బల్లకు టేపుతో అతికించాక, వంచిన తల ఎత్తకుండా ఇంటిముందరి వేపచెట్టును, దానికి కట్టేసిన మేకను కూడా గీసింది. చూపు లేని బాబుకు అట్టమీద దారం, చుక్కల చోట కందిపప్పు అంటించి ముగ్గు చేసిస్తే, వేలితో తడిమి చుక్కలన్నీ లెక్కపెట్టాడు. అయినా కొన్ని బడుల్లో బొమ్మల పీరియడ్ రాగానే ఇలాంటి పిల్లలను ఓ మూల కూర్చోబెట్టడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. కళల కోర్సులను దివ్యాంగులు పాల్గొనేలా తిరిగి రూపొందించాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. ప్రాథమిక ఉపాధ్యాయుల శిక్షణలో ఈ మెలకువలను చేర్చాలని విద్యాశాఖను కోరుతున్నాను.

— ఒక విశ్రాంత డ్రాయింగ్ ఉపాధ్యాయుడు