మాటలు లేని గొర్రెల చిత్రం

అమలాపురం,
ఆదివారం.

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. సెలవులకు పిల్లలు వస్తున్నారనీ, ఇంటిల్లిపాదీ కూర్చుని చూడదగిన సినిమా ఏదైనా చెప్పమనీ అడిగావు. పేరు ఒక్కటి చెప్పి ఊరుకోవడానికి మనసొప్పక ఇంత ఉత్తరం రాస్తున్నాను. ఆ చిత్రం 2015లో వచ్చిన "షాన్ ద షీప్ మూవీ". ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో ఉన్న ఆర్డ్‌మన్ సంస్థ బొమ్మలతో తీసింది. మార్క్ బర్టన్, రిచర్డ్ స్టార్జాక్ దర్శకులు. మొన్న రాత్రి మా మామ్మ మొదలుకొని ఆరేళ్ళ మేనల్లుడి వరకు అందరం చూశాం. నాకు ఎంతో నచ్చింది. ఒకటి రెండు విషయాల్లో మాత్రం మనసు నొచ్చుకుంది.

కథ చిన్నదే. రోజూ ఒకే పనితో విసిగిపోయిన షాన్ అనే గొర్రె, ఒక్కరోజు సెలవు కోసం యజమానిని నిద్రపుచ్చాలనుకుంటుంది. నిద్ర పట్టనప్పుడు గొర్రెలను లెక్కపెట్టుకోవడం ఆ దేశపు అలవాటు కనుక, మంద అంతా ఆయన కళ్ళ ముందు వరుసగా దూకుతూ ఆయన్ని జోకొడుతుంది. నిద్రపోయిన రైతును పడుకోబెట్టిన బండి కాస్తా దొర్లుకుంటూ నగరం చేరుతుంది. అక్కడ తలకు దెబ్బ తగిలి ఆయన తానెవరో మరచిపోతాడు. ఇక గొర్రెలూ, కాపలా కుక్క బిట్జరూ ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళడమే మిగతా కథ.

85 నిమిషాల చిత్రంలో పాత్రల నోట అర్థమయ్యే మాట ఒక్కటి కూడా రాదు. రైతు గొణుగుతాడు, గొర్రెలు అరుస్తాయి, అంతే. నా దృష్టిలో ఈ చిత్రానికి పెద్ద బలం అదే. మా మామ్మకు వినికిడి బాగా తగ్గిన సంగతి నీకు తెలుసు, పక్కవాళ్ళను "ఏమన్నాడురా?" అని అడగవలసి వస్తుందని టీవీ ముందు కూర్చోవడమే మానేసింది. అలాంటిది ఈ సినిమాను ఎవరినీ ఏమీ అడగకుండా చివరిదాకా చూసింది. మనుషుల బట్టలు తొడుక్కున్న గొర్రెలు పెద్ద హోటల్లో కూర్చుని, పక్క బల్ల దగ్గరివాళ్ళు ఏం చేస్తే అదే చేయబోయి అభాసుపాలయ్యే ఘట్టంలో మేనల్లుడి కంటే ముందు నవ్వింది ఆవిడే. నగరంలో ఒక రాత్రి ఆ మంద పిల్ల గొర్రెకు గొంతులు కలిపి పాడే జోలపాట ఉంది. అందులో ఉన్నది గొర్రె అరుపే తప్ప వేరే మాట లేదు, అయినా అది జోలపాటేనని చంటిపిల్లకైనా తెలుస్తుంది.

చిన్నప్పుడు మనం మాధవపట్నం కళాకారుల తోలుబొమ్మలాట చూసి, తెర వెనక్కి వెళ్ళి నిలబడిన రాత్రి నీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. అక్కడ కళాకారుడి చెయ్యి కదిలినంతసేపూ తెర మీద బొమ్మ కదులుతుంది, గొంతు దానికి ప్రాణం పోస్తుంది. ఈ చిత్రం తీసిన స్టాప్ మోషన్ పద్ధతిలో అంతా తలకిందులు. బొమ్మను చేత్తో రవ్వంత జరిపి, చెయ్యి తీసేసి, అది నిశ్చలంగా ఉన్నప్పుడు ఫోటో తీస్తారు. మళ్ళీ రవ్వంత జరుపుతారు. తెర మీద మనం చూసే కదలిక ఏదీ కెమెరా ముందు జరగనే లేదు. సెకనుకు 24 ఫ్రేముల, అంటే నిశ్చల చిత్రాల, లెక్కన 85 నిమిషాలకు 1,22,400 ఫ్రేములవుతాయి. ఒక్కో భంగిమను రెండేసి ఫ్రేములకు వాడుకున్నా, బొమ్మలను అరవై వేల సార్లకు పైగా సర్దాలి. మరునాడు మేనల్లుడు కాలవగట్టు మట్టితో గొర్రెను చేస్తే, నా ఫోనుతో ఇద్దరం ప్రయత్నించాం. ఎండ తగిలేసరికి మట్టి ఆరిపోయి, కాలు జరపబోతే కాలే ఊడి వచ్చింది. ఇలాంటి బొమ్మలకు వాడే ప్లాస్టిసిన్ అనే కృత్రిమ బంకమట్టిలో నీరు ఉండదు కనుక ఆరదు, పగలదు. లోపల లోహపు అస్థిపంజరం పెడతారు కనుక నిలబెట్టినట్టు నిలబడుతుంది. ఇది తెలిశాక, షాన్ కనురెప్ప వాల్చి ఒక్క క్షణం ఆలోచించే చోట నాకు కలిగిన గౌరవం ఇంతని చెప్పలేను.

ఇక లోపాల సంగతి. జ్ఞాపకం పోయిన రైతు ఒక క్షౌరశాలలోకి వెళ్ళి, గొర్రె బొచ్చు కత్తిరించిన అలవాటుతో ఒక ప్రముఖుడి జుట్టు కత్తిరించి రాత్రికి రాత్రి పేరు తెచ్చుకుంటాడు. మనసు మరచినా చెయ్యి మరవలేదన్న ఆ ఊహ గొప్పది. షాన్ ఎంతో ఆశతో ఆయన ఎదుటికి వెళ్ళినప్పుడు ఆయన గుర్తుపట్టక తరిమేస్తాడు. మా మామ్మ ముఖం అప్పుడు మారిపోయింది, తాతయ్య చివరి రోజుల్లో ఆవిడను "ఎవరమ్మా నువ్వు?" అని అడిగేవాడు. అంత బరువైన చోటికి మనల్ని తీసుకువచ్చిన చిత్రం అక్కడ ఇంకొంచెం నిలిచి ఉండవలసింది. కొద్దిసేపటికే పరుగులూ పట్టుకోవడాలూ మొదలై, ఆ దుఃఖం పక్కకు జరిగిపోతుంది.

జంతువులను పట్టే ఉద్యోగి ట్రంపర్ పాత్ర రెండో లోపం. గొర్రెల మీద అతనికి అంత పగ ఎందుకో చిత్రం చెప్పదు. చివర గొర్రెలు దాక్కున్న పాకను కొండగోతిలోకి తోసేయబోయేంత కక్ష ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అంతుపట్టలేదు. బిట్జర్‌ను ఆసుపత్రిలో వైద్యుడని పొరబడే ఘట్టం నవ్వు తెప్పిస్తుంది గానీ, తీసేసినా కథకు వచ్చే నష్టం లేదు. ఏడు నిమిషాల టీవీ కథల నుంచి పెరిగిన చిత్రం కాబట్టి మధ్యలో అక్కడక్కడ అతుకులు తెలుస్తాయి.

ఆరేళ్ళు దాటిన పిల్లలకు నిస్సంకోచంగా చూపించు. అంతకంటే చిన్నవాళ్ళు ఆ పాక ఘట్టంలో భయపడవచ్చు, పక్కన కూర్చోబెట్టుకో. మరొక్క మాట. ప్రారంభంలో పాత ఇంటి వీడియోలా కనిపించే ముక్క ఉంటుంది: రైతు పడుచువాడు, షాన్ పసిగొర్రె, అందరూ కలిసి ఫోటో దిగుతారు. పిల్లలు సర్దుకుని కూర్చునే సందడిలో అది దాటిపోతుంది. అందరూ కుదురుకున్నాకే మొదలుపెట్టు; ఆ ఫోటో చూడనివారికి షాన్‌ను తరిమేసినప్పుడు దానికి ఎంత నొప్పి కలిగిందో సగమే తెలుస్తుంది. చూశాక, ఆ చోట మీ పిల్లలు ఏమన్నారో తప్పకుండా రాయి.

నీ మిత్రుడు.