గంట లెక్క లేని లేబర్ చార్జీ

సంపాదకులకు నమస్కారాలు.

ట్రాక్టర్ల మరమ్మతు షాపుల వారు లేబర్ చార్జీలు పెంచుతున్నారని గత వారం మీ జిల్లా పేజీలో వచ్చింది. పనివాళ్లు దొరకడం లేదట, జీతాలు పెరిగాయట. కావచ్చు. ఇప్పటిదాకా తీసుకుంటున్నది ఏ లెక్కన తీసుకుంటున్నారో కూడా చెప్పి ఉంటే ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

వంశధార మీది గొట్టా బ్యారేజీ నుంచి ఎడమ కాలువకు నీరు వదిలాక మా నరసన్నపేట వైపు వరి నాట్లకు దమ్ముల హడావిడి అందరికీ తెలిసిందే. నా ట్రాక్టరు కిరాయికి వెళ్తే మడిలో దిగిన వేళ, గట్టెక్కిన వేళ రైతు ఫోనులో చూసుకుంటాడు. గంటకు ఇంత అని ముందే మాట. డీజిల్ పోయడానికి ఆగిన సమయం తీసేయాలి. తీసేయకపోతే ఊరుకోరు మరి. కంపెనీ చెప్పే సర్వీసు కూడా ఇంజను ఎంతసేపు నడిచిందో చూపే మీటరు గంటల మీదే. అదే బండి షాపులోకి వెళ్లగానే గంటలన్నీ మాయం. బిల్లులో 'లేబర్' అని ఒక్క ముక్క, దాని పక్కన ఒక పెద్ద అంకె.

ఈ సీజనులోనే క్లచ్ ప్లేటు మార్చాల్సి వచ్చింది. అందుకు ట్రాక్టరును మధ్యకు విడదీయాలి. విడదీశాక ఇంజను వెనకవైపు ఆయిల్ సీలు కారుతోందని చూపించారు, అదీ మార్చమన్నాను. తీరా బిల్లు చూస్తే విడదీసి బిగించిన కూలీ రెండు పనులకూ విడివిడిగా వేశారు! ఒకసారి విప్పిన బండిని రెండుసార్లు ఎలా విప్పారని అడిగితే కంపెనీ చార్టులో అలాగే ఉందన్నారు. చార్టు చూపించమంటే మేనేజరు లేరు. ఒక్కో పనికి ఇన్ని గంటలని ముందే లెక్కగట్టే పద్ధతిని నేను తప్పుపట్టను, మెకానిక్ నెమ్మదైతే ఆ భారం మన మీద పడదు. అయితే ఆ గంటలేవో గోడ మీద కనిపించాలి. రెండు పనులకూ ఉమ్మడిగా చేసినది ఒక్కసారే లెక్కకు రావాలి.

పైగా రాత్రి పని అని అదనం వేశారు. ఆ రాత్రి పని చేసిన కుర్రాడికి నెల జీతమే తప్ప పైసా ఎక్కువ లేదట. వారానికి 48 గంటలు దాటితే రెట్టింపు కూలీ ఇవ్వాలని చట్టం చెబుతోంది. అతని రాత్రి నా బిల్లుకెక్కింది, అతని జీతానికి ఎక్కలేదు. కార్మిక శాఖ వారికి ఆ షాపు దారి తెలుసో లేదో.

మా ధాన్యంలో తేమ 17 శాతం దాటిందా, మీటరు పెట్టి మరీ పట్టుకుంటారు. కూరగాయల కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. మరమ్మతు గంటలను కొలిచే నాథుడు మాత్రం లేడు. బిల్లు ఇవ్వకపోతే అనుచిత వ్యాపారమని 2019 వినియోగదారుల చట్టంలో ఉంది, ఏటా డిసెంబరు 24న సభలు పెట్టి అదే చెబుతారు. బిల్లు ఇచ్చారు కదా, ఇక నోరెత్తకూడదు కాబోలు! ట్రాక్టరు మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గిందని నిరుడు సంబరపడ్డాం. లేబర్ మీద 18 శాతం అలాగే ఉంది. అంటే ఒక్కసారి విప్పినదానికి రెండుసార్లు పన్ను కూడా కట్టానన్నమాట.

బండి లోపలికి వచ్చిన వేళ, పని చేసేవారి పేరు, పట్టే గంటలు, గంట ధర కాగితం మీద రాసి, మా సంతకం తీసుకుని పని మొదలుపెట్టమనండి. పెంచిన ధర ఇస్తాం. ఆ షాపులో కొత్త రేట్ల బోర్డు అప్పుడే కట్టేశారు. అందులోనూ 'లేబర్: పనిని బట్టి' అనే ఉంది.

— ఒక ట్రాక్టరు యజమాని, నరసన్నపేట మండలం, శ్రీకాకుళం జిల్లా